చక్రాలు కంపెనీవి, బూట్లు ధనమ్మవి

గుడివాడ మేజిస్ట్రేటు కోర్టు. 1979 మార్చి 19, సోమవారం, ఉదయం 11 గంటల 20 నిమిషాలు. ముద్దాయి తన మాటల్లో చెప్పుకోగా రాసుకున్న వాంగ్మూలం.

నా పేరు షేక్ రహమత్ బీ. భర్త పేరు మజీద్, ఇప్పుడు లేరు. నా వయసు నలభై ఆరు. కాపురం బందరు, ఇనగుదురుపేట. వృత్తి అన్నచోట గుమస్తా గారు నన్ను అడక్కుండానే ‘ఇంటిపని’ అని రాశారు. కొట్టేయమన్నాను. కొట్టేశారు. నా వృత్తి బూట్లు కుట్టడం.

నా మీద మూడు నేరాలు మోపారని చదివి వినిపించారు. విజయధ్వజ సర్కస్ కంపెనీ వారి బూట్లు ఒక జత దొంగిలించానట. ఆ కంపెనీ మేనేజరు సాంబశివరావు గారిని కత్తి చూపించి బెదిరించానట. కంపెనీలో ఆడే ధనమ్మ అనే మనిషికి మాయమాటలు చెప్పి తీసుకుపోయి దాచానట. నాకు ప్లీడరు లేరు. అక్కర్లేదన్నాను. జరిగింది జరిగినట్టు నేనే చెబుతాను.

మా ఆయన ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకీ, కాలేజీలో కవాతు చేసే కుర్రాళ్ళకీ బూట్లు కుట్టేవారు. పెళ్ళయిన రెండో ఏటినుంచి పైతోలు కుట్టు నాది, అడుగు కుట్టు ఆయనది. 1974లో ఆయన పోయారు. అప్పటినుంచి రెండు కుట్లూ నావే. పోయిన వాయిదాకి కంపెనీ ప్లీడరు గారు ఈ బూట్లు చేత్తో పట్టుకుని, “ఇవి ఆడమనిషి కుట్టిందేనా?” అని నవ్వారు. నవ్వారని కూడా రాసుకోండి.

ఈ సంవత్సరం జనవరి 22న విజయధ్వజ సర్కస్ బందరు వచ్చింది. 25వ తేదీ గురువారం పొద్దున పదింటికి ధనమ్మ నా కొట్టుకి వచ్చింది. వెంట అప్పయ్య వచ్చాడు. అప్పయ్య ఆ కంపెనీలో ఇనప పని, చెక్క పని చూసే మేస్త్రి. అంతకుముందు వాళ్ళిద్దరినీ నేను ఎరగను.

నేను మనిషి మొహం కంటే ముందు నడక చూస్తాను. మా పనిలో అది అలవాటు. మా అరుగు జానెడే ఎత్తు. ఆ జానెడు ఎక్కడానికి ఆ అమ్మాయి పక్కకి తిరిగి, కుడికాలు పైన పెట్టి, ఎడంకాలు చేత్తో ఎత్తి పెట్టుకుంది. వయసు ఇరవై ఒకటి.

అప్పయ్య సంచిలోనుంచి చక్రాల బూట్లు తీసి నా ముందు పెట్టాడు. చక్రాల బూట్లంటే ముందు రెండు, వెనక రెండు చక్రాలుంటాయని విన్నాను. ఇవి అలా లేవు. ఒకదాని వెనక ఒకటి మూడు చక్రాలు ఒకే వరసలో ఉన్నాయి. ఇదేమిటని అడిగాను.

“నాలుగంగుళాల పలక మీద పోవాలండి బూబమ్మగారూ. పక్కపక్కన చక్రాలుంటే పలక చాలదు. అందుకని ఒకే వరసలో నేనే బిగించాను,” అన్నాడు.

ఆట ఎలా ఉంటుందో కూడా అప్పయ్యే చెప్పాడు. ఎత్తైన మంచె మీదనుంచి ఒక సన్నటి పలక ఏటవాలుగా కిందికి ఉంటుంది. ధనమ్మ దాని మీద జారుకుంటూ వచ్చి, పలక చివర గాల్లోకి ఎగిరి, నాలుగడుగుల కింద ఉన్న చెక్కబల్ల మీద దిగాలి. రోజుకి రెండు ఆటలు. ఆదివారం మూడు.

ఆ బూట్లలో చెయ్యి పెట్టి చూశాను. పైన కాన్వాసు గుడ్డ. మడమ కింద రేకంత పలచటి తోలుముక్క. దాని కింద నేరుగా ఇనుము. ఎద్దుకి నాడా కొట్టినా అంతకంటే దయగా కొడతారు.

“వీటితో ఎన్నాళ్ళనుంచి దూకుతున్నావమ్మాయ్?”

“రెండేళ్ళనుంచండి.”

“నొప్పి ఎక్కడ?”

ఎడంకాలి ముందు ఎముక మీద ఒక్కచోట చూపుడువేలు పెట్టింది. అరచేత్తో తడిమి చూపించే నొప్పి కండది. వేలితో చూపించే నొప్పి ఎముకది. ఈ సంగతి డాక్టర్లకే కాదు, మాకూ తెలుసు.

కాగితం మీద నిలబెట్టి కొలత తీశాను. కూర్చోబెట్టి మళ్ళీ తీశాను. బరువు పడితే పాదం ఎంత పరుచుకుంటుందో అలాగే తెలుస్తుంది. ఎడమ పాదం కుడిదానికంటే పావంగుళం పొడుగు. కంపెనీవాళ్ళు ఆమెకి రెండూ ఒకే కొలతవి ఇచ్చారు.

కొలత తీస్తుంటే మీది ఏ ఊరని అడిగాను. నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గర అంది. కంపెనీ అవనిగడ్డలో మకాం వేసినప్పుడు, పన్నెండేళ్ళ వయసులో వాళ్ళమ్మ ఆమెని కంపెనీలో చేర్చింది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు కంపెనీ ఒంగోల్లో ఉంది. వాళ్ళమ్మా, తమ్ముడూ పోయారన్న కబురు ఐదో రోజున తెలిసింది. ఊరికి వెళ్తానంటే మేనేజరు గారు, “ఈ ఒక్క ఆటా ఆడి వెళ్ళు” అన్నారట. ఆ ఆట ఆడింది. తర్వాత, “ఇప్పుడెళ్ళి ఎవర్ని చూస్తావు, ఎవరూ లేరుగా” అన్నారట. వెళ్ళనివ్వలేదు. ఇవన్నీ ఆమె నా మొహం చూడకుండా, కాగితం మీదున్న తన పాదాన్ని చూస్తూ చెప్పింది. పెన్సిలు వేళ్ళ సందుల్లోకి వచ్చినప్పుడు మాత్రం చక్కిలిగింత పుట్టి నవ్వింది. కథ చెబుతూనే నవ్వింది.

బూట్లు చేస్తానన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు.

మొదటి జత జనవరి 29న ఇచ్చాను. మడమ నుంచి వేళ్ళదాకా రెండు వేళ్ళ మందాన హవాయి చెప్పుల స్పాంజి వేశాను. మెత్తదనం ఒక్కటీ ఉంటే చాలనుకున్నాను. అది నా తప్పు. నా తప్పులు కూడా చెబుతాను. చక్రాలు ఒకే వరసలో ఉన్నప్పుడు కాలు అటో ఇటో ఒరుగుతుంది. అడుగంతా మెత్తగా ఉంటే ఆ ఒరుగుడు ఆగదు. ధనమ్మ మా వీధిలో పది గజాలు వెళ్ళి పడిపోయింది. మోచెయ్యి గీసుకుంది.

“పరుపు మీద నిలబడి కావడి మోసినట్టుందండి,” అంది.

ఆ మాటే నాకు పాఠం. విప్పేశాను.

రెండో జత ఫిబ్రవరి 3న అయింది. ఈసారి అడుగు గట్టిగా వేశాను. చక్రాల పలకని బూటుకి బిగించే నాలుగు మరలచోటా సైకిలు ట్యూబు ముక్కలు కోసి, బిళ్ళలుగా పేర్చాను. దెబ్బ ఇనుములోనుంచి తోలులోకి ఎక్కేచోటే కొంత చచ్చిపోవాలని నా ఆలోచన. అది పనిచేసింది. కానీ దిగినప్పుడు కాలు లోపల ముందుకి జారి వేళ్ళు కొట్టుకున్నాయి. మడమ ఒరుసుకుని బొబ్బ లేచింది. అదీ విప్పేశాను.

ఈ మధ్యలో, ఫిబ్రవరి 5 సోమవారం, ధనమ్మని ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. ఎక్స్‌రే తీశారు. ఎముకలో వెంట్రుకంత చీలిక మొదలయిందని డాక్టరు గారు చెప్పారు. ఎత్తునుంచి దూకడం ఆరు వారాలు మానాలని చీటీ రాసిచ్చారు. మానితే పూటకి తిండెవరు పెడతారని ధనమ్మ అడిగింది. డాక్టరు గారి దగ్గర దానికి మందు లేదు.

అందుకని మూడో జత ఇంకా జాగ్రత్తగా చేశాను. ఈ కోర్టు బల్ల మీదున్నది ఆ జతే. దొంగసొత్తు అని చీటీ కట్టారు గనక అది ఎలా చేసిందో చెప్పే హక్కు నాకుంది.

మడమకి లోతుగా గిన్నెలాంటి గూడు కట్టాను, కాలు జారకుండా. మడమ కింద మూడు పొరలు. అన్నిటికంటే కింద లారీ టైరు చెక్కు. దాని మీద స్పాంజి. దాని మీద వలలకి కట్టే బెండు ముక్క పలచగా చెక్కి వేశాను. టైరు పెద్ద దెబ్బ తింటుంది, స్పాంజి మిగిలింది తింటుంది, బెండు పాదం రూపం నిలబెడుతుంది. వేళ్ళ కింద మెత్తదనం తగ్గించాను, ఎందుకంటే వేళ్ళకి నేల తెలియాలి. చీలమండ రెండువైపులా తోలు కర్రలా ఉండాలి. ఉప్పెనలో నా కొట్టులోకి నీళ్ళొచ్చి రెండు గేదె తోళ్ళు ఉప్పునీళ్ళలో నానాయి. ఎండాక కొయ్యలా బిగిశాయి. ఏడాదిపైన వాటిని చెప్పులకి కోయలేక, పారేయలేక మూలన పెట్టాను. చీలమండకి అవే పనికొచ్చాయి. వాటి లోపల బూరుగు దూది కూరి, చుట్టూ మెత్తటి గొర్రెతోలు మడిచాను. ముందు ఎముక మీద తాడు కోసుకోకుండా నాలుక మందంగా రెండు మడతలు వేశాను. తాడు కూడా రెండు. కిందిది బిగించాలి. పైది కొంచెం వదలాలి, దిగేటప్పుడు మోకాలు ముందుకి వంగడానికి.

ఫిబ్రవరి 10 శనివారం సాయంత్రం నాలుగింటికి మా వీధి చివర కల్వర్టు గోడ మీదనుంచి దూకించి చూశాం. గోడ ఎత్తు రెండున్నర అడుగులు. ఆ ఒక్కసారికి దూకకపోతే బూటు సంగతి తెలియదు. ముందు కంపెనీ బూట్లతో దూకమన్నాను. ‘ఠక్’ మంది. దిగేముందు ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. తర్వాత నా బూట్లతో దూకింది. ‘దబ్’ మంది, అన్నం మూట కింద పెట్టినట్టు. కళ్ళు మూసుకోలేదు.

“కళ్ళు తెరిచే దిగావే పిల్లా,” అన్నాను.

“ఔనా? నాకు తెలీలేదండి,” అంది.

నా ముప్పై ఏళ్ళ పనిలో నాకు దక్కిన మెప్పు అదే. ఇంకొకటి లేదు, అక్కర్లేదు కూడా.

మర్నాడు ఆదివారం మూడింటి ఆటకి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాను. డేరాలో ఆమె పేరు మిస్ లిల్లీ. జనం ఆమె మొహం చూశారు. నేను బూట్లు చూశాను. నాలుగడుగుల మీదనుంచి దిగింది. బాగా దిగింది.

ఆట అయ్యాక మేనేజరు సాంబశివరావు గారు నన్ను పిలిపించారు. నవ్వుతూ మాట్లాడారు.

“భలే చేశావమ్మా! దిగితే చప్పుడే లేదు. ఇంకేం, గుడివాడలో పలక ఇంకో మూడడుగులు లేపుతాం.”

“అయ్యా, బూటు దెబ్బలో సగమే తింటుంది. మిగతా సగం ఎముక తినాలి. మీరు ఎత్తు పెంచితే ఆ సగం మళ్ళీ మొత్తమవుతుంది. ఆ కాల్లో ఇప్పటికే చీలికుంది,” అన్నాను. డాక్టరు గారి చీటీ ఆయన చేతికిచ్చాను. ఆయన చదివి చొక్కా ఎడమ జేబులో పెట్టుకున్నారు. చీటీ అందలేదని ఈ కోర్టులో ప్రమాణం చేసి చెప్పారు. అందింది. ఎడమ జేబు.

“నీ పని కుట్టడం, మా పని ఆడించడం. ఎవరి పని వాళ్ళం చూసుకుందాం,” అన్నారు.

మేజిస్ట్రేటు గారు అడగని ఒక మాట నేనే చెబుతున్నాను. నేను ఆ బూట్లు చేసి ఉండకపోతే పలక నాలుగడుగుల దగ్గరే ఉండేది. ఆమె సుఖంగా దిగాలని చేశాను. సుఖంగా దిగింది గనక ఎత్తు పెంచారు. ఈ కేసులో నా తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే. దానికి ఏ సెక్షనూ నాకు చదివి వినిపించలేదు.

12వ తేదీన కంపెనీ బందరు నుంచి వెళ్ళిపోయింది. 15 నుంచి గుడివాడలో ఆటలు మొదలయ్యాయి.

24వ తేదీ శనివారం సాయంత్రం అప్పయ్య పెడనలో చుట్టాల్ని చూసి నా కొట్టుకి వచ్చాడు. ధనమ్మ ఒక కబురు చెప్పమందట. ఎడంకాలి బూటు బిగుసుకుపోతోందట. తడిపి వదులు చేసుకోవచ్చా అని అడగమందట.

నేను పని ఆపేశాను. కొత్త తోలు తొడిగేకొద్దీ వదులవుతుంది. రెండు వారాల్లో బిగుసుకోదు. బూటు బిగుసుకోలేదు, కాలు వాచింది.

“పలక ఎంతెత్తు పెట్టారు అప్పయ్యా?”

అతను తల వంచుకున్నాడు. “నన్నడక్కండి బూబమ్మగారూ. పెట్టమంటే పెట్టాను.”

25వ తేదీ ఆదివారం పొద్దున బందరు స్టేషనులో పాసింజరు ఎక్కాను. నా సంచిలో మర విప్పే సాధనం, తోలు కోసే కత్తి, సూదులు, దారం, కొలత టేపు ఉన్నాయి. ఏ పనికి వెళ్ళినా అవే ఉంటాయి. గుడివాడలో దిగి డేరా దగ్గరికి వచ్చేసరికి పన్నెండూ నలభై. ముందు మంచె దగ్గరికి వెళ్ళాను. ఎవరూ అడ్డం రాలేదు. పలక చివరనుంచి చెక్కబల్లదాకా టేపు పెట్టి కొలిచాను. ఏడడుగుల రెండంగుళాలు.

డేరా వెనక ఆడవాళ్ళు తయారయ్యే చోటికి వెళ్ళాను. ధనమ్మ రేకు పెట్టె మీద కూర్చుని ఉంది. తళుకుల గౌను, మొహానికి పౌడరు, పెదాలకి ఎరుపు. మూడింటి ఆటకి బూట్లు అప్పటికే తొడిగేసుకుంది. ఎందుకంత ముందుగా అంటే, తర్వాత కాలు పట్టదేమోనని భయమేసిందట. బూటు పై అంచు మీద కండ పొంగి ఉంది. వేలితో నొక్కాను. పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

మేనేజరు గారి కోసం కబురు పెట్టాను. ఆయన రెండూ ఇరవైకి వచ్చారు. కాలు చూపించాను.

“డేరా నిండిపోయిందమ్మా. పామర్రు నుంచి, కైకలూరు నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు జనం. ఈ ఒక్క ఆటా ఆడనీ. రేపు కావాలంటే సెలవిస్తా,” అన్నారు.

అప్పుడు ధనమ్మ మాట్లాడింది. అంతవరకు ఆమె గొంతు పెంచగా నేను వినలేదు.

“ఉప్పెనప్పుడూ ఈ ఒక్క ఆటే అన్నారండి.”

ఆయన విననట్టు నా వైపే తిరిగి, “కట్టు గట్టిగా కట్టు. నీకు చేతనవును,” అన్నారు.

నేను ధనమ్మని అడిగాను. అందరూ వినేట్టు అడిగాను. “దూకుతావా?”

“దూకనండి.”

“మళ్ళీ చెప్పు.”

“దూకను. విప్పేయండి బూబమ్మగారూ.”

ఇప్పుడు కత్తి సంగతి. కత్తి తీశాను. అబద్ధం ఆడను. తాడు ముడి వాపులోకి దిగబడి వేలికి రావడం లేదు. నేను నేల మీద కూర్చుని, ఆమె కాలు ఒళ్ళో పెట్టుకుని, కత్తితో తాడు కోశాను. పై తాడూ, కింది తాడూ. మేనేజరు గారు నా భుజం పట్టుకుని లాగబోయారు. కత్తి నా చేతిలో ఉంది, ఆమె కాలు దాని కిందుంది. “కదిలించకండి, కాలు తెగుతుంది,” అన్నాను. ఆయన వెనక్కి తగ్గారు. కాలు తెగుతుందన్నాను గాని ఎవరి కాలో చెప్పలేదు. తన కాలనుకున్నారేమో నాకు తెలియదు. భయపడ్డారంటే భయపడ్డారు. దానికి నేను విచారించడం లేదు.

బూట్లు తీశాక చక్రాల పలకలు విప్పాను. ఒక్కో బూటుకి నాలుగు మరలు, మొత్తం ఎనిమిది. విప్పడానికి పది నిమిషాలు పట్టింది, గట్టిగా బిగించింది నేనే గనక. బయట బ్యాండు మొదలయింది. రెండు పలకలు, ఆరు చక్రాలు, ఎనిమిది మరలు అప్పయ్య చేతిలో పెట్టి, “చూసుకోండి” అన్నాను. మేనేజరు గారి ఎదుటే అప్పయ్య చూసుకుని, “అన్నీ ఉన్నాయండి,” అన్నాడు. అప్పయ్య ఈ కోర్టులో ఆ మాట చెప్పలేదు. అతనికి నలుగురు పిల్లలు. అతన్ని నేనేమీ అనను.

“బూట్లు కూడా కంపెనీవే! అక్కడ పెట్టు,” అని మేనేజరు గారు అరిచారు.

“చక్రాలు మీవి. బూట్లు ధనమ్మవి,” అన్నాను.

డేరా వెనక గుడ్డ ఎత్తి బయటికొచ్చాం. బూట్లు నా చంకలో ఉన్నాయి. ధనమ్మ తళుకుల గౌను మీద నా దుప్పటి కప్పుకుని, నా భుజం పట్టుకుని, ఉత్తకాళ్ళతో నడిచింది. దాక్కుంటూ పోలేదు. బజారు మధ్యనుంచే పోయాం. మిస్ లిల్లీ ఆట లేదని చెప్పాక జనం కుర్చీలు విరగ్గొట్టారనీ, డేరా గుడ్డ చింపారనీ తర్వాత విన్నాను. కుర్చీలు నేను విరగ్గొట్టలేదు. అంతమందిని రప్పించి, విరిగిన కాలితో ఆట చూపించబోయింది నేను కాదు.

సాయంత్రం పాసింజరుకి బందరు వెళ్ళాం. మర్నాడు ఆసుపత్రిలో మళ్ళీ ఎక్స్‌రే తీశారు. వెంట్రుకంత చీలిక గోరంత అయింది. ముందు ఎముక చుట్టూ కట్టు కట్టారు. ఆ రెండు ఎక్స్‌రేలూ తెచ్చాను. వెలుతురుకి పట్టుకుని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

మార్చి 2 శుక్రవారం పోలీసువారు నా కొట్టుకి వచ్చి బూట్లు తీసుకెళ్ళారు. రసీదు ఇచ్చారు. అప్పటికి ఆ బూట్ల మరల కన్నాలు పూడ్చి, కింద టైరు అడుగు వేసి, నడవడానికి పనికొచ్చేలా మారుస్తున్నాను. కట్టు విప్పాక ఆ కాలికి చీలమండ దగ్గర ఆసరా కావాలి. మామూలు చెప్పులు చాలవు. ఎడమదాని అడుగు అయింది. కుడిదానికి సగం కుట్టు మిగిలింది. సూది దానికే ఉంది. బల్ల మీద తిప్పి చూడండి, జాగ్రత్తగా.

బూట్లకి కంపెనీ ఏమైనా ఇచ్చిందా అని కోర్టువారు అడిగినందున చెబుతున్నాను. ఏమీ ఇవ్వలేదు, నేను అడగలేదు. తోలు నాది, టైరు నాది, దారం నాది, పని నాది. చేసింది ధనమ్మ కోసం. ఇంకెవరి కాలికీ అవి పట్టవు.

రాజీకి ఎందుకు ఒప్పుకోలేదని అడిగినందున చెబుతున్నాను. ఈ నెల 11న మేనేజరు గారు మనిషిని పంపారు. బూట్లు కంపెనీకి వదిలేసి, ధనమ్మని తిరిగి పంపి, పదిమందిలో తప్పయిందని చెబితే కేసు తీసేస్తామన్నారు. బూట్లు పోతే పోయాయి, ఇంకో జత కుట్టగలను. మిగతా రెండూ నా చేతిలో లేవు. ధనమ్మని పంపడానికి ఆమె నా సొత్తు కాదు. తప్పయిందని చెప్పడానికి తప్పు జరగలేదు. అదే జబ్బుకాలు మళ్ళీ నా ఒళ్ళోకి వస్తే, అదే కత్తితో, అదే తాడు కోస్తాను. శిక్ష పడుతుందని తెలిసినా కోస్తాను.

ధనమ్మని ఎక్కడ దాచావని అడిగినందున చెబుతున్నాను. పోలీసువారు వచ్చిన రోజు ఆమె ఊళ్ళో లేదు. ముందురోజే చేతికర్ర పుచ్చుకుని, చల్లపల్లి మీదుగా పోయే బస్సెక్కి, వాళ్ళ ఊరు చూడటానికి వెళ్ళింది. ఉప్పెన తర్వాత అదే మొదటిసారి. మూడు రోజులు తనని ఎవరూ వెతక్కుండా చూడమంది. అందుకని ఎస్సై గారు అడిగితే నేను నోరు విప్పలేదు. నాలుగో రోజున తిరిగొచ్చింది. వచ్చీరాగానే సూదిలో దారం ఎక్కించి ఇమ్మంది. అప్పటినుంచి పగలంతా నా కొట్టు అరుగు మీద, వీధిలోకి మొహం పెట్టి కూర్చుని కుట్టు నేర్చుకుంటోంది. రాజీ మాటకి వచ్చిన ఆ ఒక్కడు తప్ప, దాచిన మనిషిని చూడటానికి కంపెనీ నుంచి ఇంతవరకు ఎవరూ రాలేదు.

ఈ పొద్దున మేమిద్దరం ఒకే రైల్లో వచ్చాం. ఆమె ఇప్పుడు ఈ కోర్టు వరండాలో, తలుపు పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. నీలం చీర కట్టుకుంది. నా చెప్పులేసుకుంది. అవి ఆమెకి పొట్టి. మడమ బయటికొస్తుంది. పదిన్నరకి మేనేజరు సాంబశివరావు గారు లోపలికి వస్తూ, ఆమె కర్ర తన కాలికి అడ్డం తగిలితే, “కాస్త పక్కకి జరగమ్మా” అన్నారు. ఆమె జరిగింది. తొమ్మిదేళ్ళు తన కంపెనీలో ఆడిన మనిషి. పౌడరూ చక్రాలూ లేకపోతే ఆయనకి ఆనవాలు తెలియలేదు.

మీరు పిలిపించి, ఇష్టపడి వచ్చిందో ఎత్తుకొచ్చానో ఆమెనే అడగండి. కాస్త నిదానంగా వస్తుంది. ఆమె బూట్లు మీ బల్ల మీదున్నాయి.

గుమస్తా గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. రెండుచోట్ల తప్పు పడితే దిద్దించాను. ఇందులో కల్పించింది లేదు. భయపడి మింగేసిందీ లేదు. ఒకరు చెప్పమంటే చెప్పలేదు, నా అంతట నేనే చెప్పాను. అలాగని ఒప్పుకుని సంతకం పెడుతున్నాను.

(సంతకం) షేక్ రహమత్ బీ
బూట్లు కుట్టే పని, బందరు